పదకొండూ రెండుకు ఆగిన చుక్క

మే నెల మూడో ఆదివారం పగలు పదకొండు గంటల రెండు నిమిషాలకు, నంద్యాల కంట్రోల్ రూమ్ తెర మీద మూడో నంబరు చుక్క ఆగింది. ఆ చుక్క కృపావరం పేరు మీద ఉంది. ఆ సమయానికి కృపావరం ఆళ్లగడ్డ పక్కనున్న తన పల్లెలో, చర్చిలో నిలబడి బైబిలు చదువుతున్నాడు.

చుక్క అంటే మనిషి. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల దాటేదాకా చేల కింద పెట్రోలు, డీజిలు మోసే గొట్టం పోతుంది. ఆ ముక్క పొడవు అరవై నాలుగు కిలోమీటర్లు. దాన్ని ఎనిమిది భాగాలు చేసి భాగానికి ఒక మనిషిని పెట్టారు. వాళ్లను లైన్ వాకర్లంటారు. పొద్దున ఐదు నుంచి మధ్యాహ్నం ఒంటి గంట లోపల తన ఎనిమిది కిలోమీటర్లు నడవాలి. గొట్టం పక్కన ఎవరైనా జేసీబీ పెట్టారా, నేల కుంగిందా, పైరు ఒకచోట ఎండిపోయిందా, దొంగలు గుంత తవ్వారా చూడాలి. మెడలో సబ్బు బిళ్లంత యంత్రం వేలాడుతుంది. దాన్ని మిషను అంటారు. మనిషి ఎక్కడున్నదీ అది తెరకు చెబుతుంది. బండి మీద పోతే వేగం తెలిసిపోతుంది. అందుకని నడవాల్సిందే.

కాంట్రాక్టు ప్రకారం ఉండాల్సింది పది మంది. ఎనిమిది మంది నడిచేవాళ్లు, వాళ్లకు వారానికొక రోజు సెలవిస్తే ఆ రోజు వాళ్ల బదులు నడిచే రిలీవర్లు ఇద్దరు. ఆ ఇద్దరిలో ప్రవీణ్ కువైట్‌కు డ్రైవరుగా పోయాడు. రెండోవాడు బెంగళూరులో ఒక అపార్ట్‌మెంటుకు కాపలాగా పోయాడు. అక్కడ వారానికొక రోజు సెలవుంది. వాళ్లు పోయి ఇరవై ఆరు నెలలైంది. కాంట్రాక్టరు ఆళ్లగడ్డ బస్టాండులో కాగితం అంటించాడు. ఐదుగురు వచ్చారు. సెలవు సంగతి అడిగి ముగ్గురు అక్కడి నుంచే తిరిగి పోయారు. ఒకడు రెండు రోజులు నడిచాడు. ఒకడు సగం రోజు నడిచి, మిషనును గట్టు మీద పెట్టి, ఎక్కడ పెట్టిందీ ఫోన్ చేసి చెప్పి పోయాడు.

రిలీవర్లు లేరు కాబట్టి సెలవు లేదు. ఎవరైనా రాకపోతే చుక్క వెలగదు. చుక్క వెలగకపోతే కాంట్రాక్టరుకు జరిమానా. ఈ సంగతి చెప్పడానికి సూపర్వైజరు రాకేశ్ రెండేళ్ల క్రితం ఎనిమిది మందినీ శిరివెళ్ల దగ్గర టీ అంగడికి పిలిచాడు. రాకేశ్‌ది నంద్యాలలో కిరాణా అంగడి నడిపే కుటుంబం. వయసు ముప్పై ఒకటి.

"మీలో మీరు సర్దుకోండన్నా. ఎవురు నడిచినారని నేనడగను. నాకు చుక్క కదలాల, అంతే," అన్నాడు. కాగితం మీద ఏమీ రాయలేదు. టీ దుడ్లు తనే ఇచ్చాడు.

రెండో నంబరు తిమ్మయ్యది, మూడో నంబరు కృపావరానిది. రెండు భాగాలూ పదహారో కిలోమీటరు రాయి దగ్గర కలుస్తాయి. తిమ్మయ్యకు శనివారం ఒక్కపొద్దు, అహోబిలం పోవాలి. కృపావరానికి ఆదివారం ఆరాధన. ఇద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. శనివారం కృపావరం తిమ్మయ్య మిషను వేసుకుని ముందు ఆయన ఎనిమిది కిలోమీటర్లు నడుస్తాడు. పదహారో రాయి దగ్గర దాన్ని ఆపేసి, తన మిషను పెట్టుకుని తన ఎనిమిది నడుస్తాడు. ఆదివారం తిమ్మయ్య అదే పని చేస్తాడు. వారంలో ఒక రోజు పదహారు కిలోమీటర్లు నడిస్తే, ఒక రోజు ఇంట్లో ఉండొచ్చు. మిగతావాళ్లు కూడా ఇద్దరిద్దరుగా ఇట్లాగే కుదుర్చుకున్నారు. దీన్ని వాళ్లు 'బదులు' అనేవారు.

ఆ శనివారం సాయంత్రం తిమ్మయ్య అహోబిలం నుంచి వచ్చి కృపావరం ఇంటి ముందు ఆగాడు. రెండు మిషన్లూ తీసుకున్నాడు. తిమ్మయ్యకు యాభై ఏడు. కృపావరం ఆయన కంటే ఏడేళ్లు చిన్న.

"ఏం కృపావరమా, మీ దేవుడు ఆదివారమే కావాలంటాడా? బుధవారం పోతే రానీడా?" అన్నాడు తిమ్మయ్య.

"మీ నరసింహస్వామి మాత్రం? శనివారం తప్ప తలుపు తీయడు గదన్నా."

"నా స్వామికి చుక్కలతో పన్లేదప్పా. మీ దేవుడే హాజరు చూస్తాడు."

"ఎండ జాస్తిగా ఉండాదన్నా. నలభై నాలుగంట రేపు. బేగ పో."

"నాలుగున్నరకే పోతాలే. రేపు ఏం చదువుతాండావు ఆడ?"

"యోబు గ్రంథం."

"ఎవురాయప్ప?"

"అన్నీ పోగొట్టుకున్నోడు."

"అయితే మనోడే," అని తిమ్మయ్య బండి తీశాడు.

ఆదివారం తిమ్మయ్య తన భాగాన్ని ఎనిమిది గంటల ఐదు నిమిషాలకు ముగించాడు. ఈ లెక్క అంతా తర్వాత కంట్రోల్ రూమ్ కాగితాల్లో దొరికింది. ఎనిమిదీ ఇరవైకి కృపావరం మిషను వెలిగింది. మొదటి గంటలో మూడు కిలోమీటర్లు నడిచింది. రెండో గంటలో రెండు. తర్వాత నలభై రెండు నిమిషాల్లో ఒక కిలోమీటరూ మూడు వందల మీటర్లు నడిచి ఆగింది. అక్కడ నల్లరేగడి దున్ని వదిలేశారు. చెట్టు నీడకు ఏడు వందల మీటర్లు పోవాలి.

కంట్రోల్ రూములో ఉన్న మనిషి పదకొండూ పంతొమ్మిది నుంచి కృపావరానికి ఏడుసార్లు ఫోన్ చేశాడు. చర్చిలో ఫోన్లు ఆపేస్తారు. పదకొండూ నలభైకి అతను సూపర్వైజరు రాకేశ్‌కు చెప్పాడు. పుస్తకంలో 'మూడో నంబరు స్పందన లేదు, సూపర్వైజరుకు తెలియజేశాం' అని రాసి మిగతా చుక్కలు చూసుకున్నాడు.

పన్నెండూ యాభైకి కృపావరం చర్చి మెట్ల మీద ఫోన్ తెరిచాడు. ఏడు కాల్స్ చూశాడు. తిమ్మయ్యకు ఫోన్ చేశాడు. తీయలేదు. చెప్పులు మార్చుకోకుండా బండెక్కాడు.

ఒకటీ ముప్పై ఐదుకు తిమ్మయ్యను చూశాడు. చాళ్లకు అడ్డంగా పడి ఉన్నాడు. సీసాలో నీళ్లు లేవు. మిషను మెడలో ఉంది. దాని లైటు వెలుగుతోంది. కృపావరం ఆయన చెయ్యి పట్టుకుని చూశాడు. తర్వాత అంబులెన్సుకు చేశాడు, రాకేశ్‌కు చేశాడు. తువ్వాలు విప్పి రెండు చేతులతో పట్టుకుని, ఆ ముఖం మీద ఎండ పడకుండా గంటకు పైగా నిలబడ్డాడు. చేలకు అడ్డం పడి అంబులెన్సు రావడానికి అంతసేపు పట్టింది.

రాకేశ్ జీపులో రెండూ నలభైకి వచ్చాడు. దిగి, శవం దగ్గర కూర్చుని, మెడలో నుంచి మిషను తీసి జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాత శవాన్ని ఎత్తడానికి కాళ్ల వైపు వంగాడు.

సోమవారం పొద్దున ఐదు గంటలకు రాకేశ్ కృపావరం ఇంటికి వచ్చి మిషను చేతిలో పెట్టాడు. "నీ మిషను నీ కాడనే ఉండాది. అర్థమైందా అన్నా? పో, నడువు," అన్నాడు. కృపావరం పోయి నడిచాడు. ఇరవై రెండో రాయి దాటాక నేల మీద అంబులెన్సు చక్రాల గుర్తులున్నాయి.

మంగళవారం సాయంత్రం రాకేశ్ మళ్లీ వచ్చాడు. ఈసారి కాగితం తెచ్చాడు. కంప్యూటరులో కొట్టించిన కాగితం. కృపావరం భార్య లూదియా జొన్నలు చెరుగుతూ ఉంది. చేట కింద పెట్టింది.

"కంపెనీ నుంచి విచారణకు ఆఫీసరు వస్తాండాడు. శుక్రవారం పదకొండుకు నంద్యాల ఆఫీసుకు రావాల. దీని మీద సంతకం పెట్టి తే. అడిగితే ఇదే చెప్పు," అన్నాడు రాకేశ్.

"ఏందది?"

"నువ్వే నడిచినావు. పదకొండూ రెండుకు మిషను బ్యాటరీ అయిపోయింది. తిమ్మయ్య ఎనిమిదికే డ్యూటీ దిగి పోయినాడు. మళ్లా యాల వచ్చినాడో నీకు తెల్దు."

"వచ్చింది నా కోసరం గదప్పా."

"అది నీకు తెల్సు, నాకు తెల్సు. కాగితానికి తెల్దు. చూడన్నా. సంతకం పెడితే నీ ఉద్యోగం ఉంటాది, నా ఉద్యోగం ఉంటాది. పోయినోడు ఎట్లా రాడు."

లూదియా లేచింది. "పోయినోడు డ్యూటీలో పోయినాడా, షికారుకు పోయి పోయినాడా? అది జెప్పు ముందు."

"అక్కా, నువ్వు ఊరుకో."

"తిమ్మయ్యన్న భార్య కమలమ్మకు ఏమొస్తాదో చెప్పమంటాండా. షికారుకు పోయినాడని రాస్తే ఏమొస్తాది?"

"దహనానికి కాంట్రాక్టరు ఇచ్చినాడు గదా."

"డ్యూటీలో పోయినాడంటే పరిహారం ఇయ్యాల గదా?"

రాకేశ్ గడప వైపు తిరిగాడు. చెప్పులు వేసుకుంటూ అన్నాడు: "రెండేండ్లు ప్రతి ఆదివారం మీ ఆయన చర్చిలో కూర్చోని ఈడ హాజరు వేయించుకున్నాడు. నిజం చెప్తే దాన్ని మోసం అంటారు. కేసు పెడతారు. పెట్టకుండా ఆపేది నేనే. గుర్తు పెట్టుకోండి."

అతను పోయాక కృపావరం కాగితం పట్టుకుని మంచం మీద కూర్చున్నాడు.

"చదువు," అంది లూదియా.

"చెప్పినాడు గదా."

"చర్చిలో చదువుతావే, అట్ల గట్టిగా చదువు. నేనూ వింటా."

కృపావరం మొదటి రెండు వాక్యాలు చదివాడు. మూడోదానిలో తిమ్మయ్య పేరు ఉంది. కాగితం మడిచి బైబిలు కింద పెట్టబోయి, తీసి మేకుకు గుచ్చాడు.

బుధవారం నడక అయ్యాక ఆళ్లగడ్డలో తిమ్మయ్య ఇంటికి పోయాడు. గడప బయట చెప్పులు విడుస్తుండగానే కమలమ్మ చూసింది.

"యాల వచ్చినావు?"

"వదినా..."

"లోపలికి రావద్దు. నువ్వు ఆడ ఫ్యాను కింద పాటలు పాడుకుంటాంటివి. నీ ఎండలో ఆయప్ప నడిచినాడు."

"శనివారం ఆయప్ప ఎండలో నేను నడుస్తాంటి గదా వదినా."

"శనివారం నువ్వు చచ్చినావా?"

వసారాలో కూర్చున్న ఆడవాళ్లు అతని వైపు తిరిగారు. కృపావరం చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. అప్పుడు తిమ్మయ్య కూతురు భార్గవి లోపలి నుంచి వచ్చింది. నంద్యాలలో మందుల అంగడిలో పనిచేస్తుంది. ఆమె చేతిలో తిమ్మయ్య ఫోన్ ఉంది. బటన్ల ఫోన్. ఆసుపత్రిలో చొక్కాతో పాటు ఇచ్చారు.

"చిన్నాయనా, ఆగు. ఈ నంబరు ఎవరిది? ఆ పొద్దు నాలుగుసార్లు చేసినారు. పేరు లేదు."

కృపావరం చూశాడు. పదకొండూ నలభై మూడు. పదకొండూ యాభై ఒకటి. పన్నెండు. పన్నెండూ పదహారు. ఆ తర్వాత పన్నెండూ యాభై ఒకటికి ఒకటి ఉంది, అది తనదే. తన ఫోన్ తీసి నంబరు పోల్చాడు. ఒకసారి పోల్చాక మళ్లీ పోల్చాడు.

"రాకేశ్‌ది," అన్నాడు.

"సూపర్వైజరా? నాయనకు యాల చేస్తాడు? నాయన డ్యూటీ ఎనిమిదికే అయిపోయిందని మా యింటికొచ్చి చెప్పి పోయినాడే."

కృపావరం గోడకు ఆనుకున్నాడు. ఆగింది తన చుక్క. కంట్రోల్ రూమ్ వాళ్లు రాకేశ్‌కు చెప్పింది తన పేరు. రాకేశ్ తనకు ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. నాలుగుసార్లూ తిమ్మయ్యకు చేశాడు. ఆదివారం ఎవరు నడుస్తారో రాకేశ్‌కు తెలుసు. ఆగింది ఎవరో పదకొండూ నలభై మూడుకే తెలుసు.

ఇదంతా భార్గవికి చెప్పాడు. చెబుతుంటే కమలమ్మ వసారా చివరికి వచ్చింది.

"నువ్వు నాయనను చూసింది ఎన్ని గంటలకు?" అంది భార్గవి.

"ఒకటీ ముప్పై ఐదు."

"గంటా యాభై రెండు నిమిషాలు."

"నాలుగో నంబరు అజయ్ కుమార్ ఇల్లు ఆడికి మూడు కిలోమీటర్లు," అన్నాడు కృపావరం. "వాడు పదిన్నరకే నడక ముగించి ఇంట్లో పడుకోనుండాడు. వానికి ఒక్క ఫోన్ కొట్టింటే పది నిమిషాల్లో పోయుండు. నీళ్లు పోసుండు."

"మరి యాల కొట్టలేదు?" అంది కమలమ్మ.

"కొడితే చెప్పాల్సి వస్తాది వదినా. కృపావరం చుక్క ఆగితే తిమ్మయ్యను ఎత్తుకరాపోమని ఎట్ల చెప్తాడు?"

కమలమ్మ ఫోన్ తీసుకుని కొంగున ముడేసింది. "ఈ ఫోన్ నీకియ్యను," అంది. "నువ్వు పోగొడతావు, లేకుంటే వాళ్లు గుంజుకుంటారు. భార్గవి తెస్తాది."

శుక్రవారం కృపావరం నడకకు పోలేదు. మిషను వెలిగించలేదు. పదకొండుకు ఐదు నిమిషాల ముందు భార్గవితో కలిసి నంద్యాల ఆఫీసులో ఉన్నాడు. గదిలో పొడుగు బల్ల ఉంది. గోడకు తెర ఉంది. తెర మీద గీత, గీత మీద ఆరు చుక్కలు. రెండో నంబరు సోమవారం నుంచి, మూడో నంబరు ఆ పొద్దున నుంచి ఎర్రగా ఉన్నాయి. బల్లకు అటువైపు కంపెనీ విచారణాధికారి, పక్కన కాంట్రాక్టరు, చివర రాకేశ్. అధికారిది ఈ జిల్లా కాదు.

"మీ వాంగ్మూలం తెచ్చారా?" అన్నాడు అధికారి.

కృపావరం కాగితం బల్ల మీద పెట్టాడు. "ఇది రాకేశ్ సారు తెచ్చిచ్చింది. నేను సంతకం పెట్టలేదు. అబద్ధం సార్ ఇది."

"ఏది అబద్ధం?"

"అంతా. ఆ పొద్దు నేను నడవలేదు. చర్చిలో ఉంటి."

పాస్టరు కూతురు రెబెకా ప్రతి ఆదివారం ఆరాధనను ఫోనులో లైవ్ పెడుతుంది. ఆ వీడియోను కృపావరం అధికారికి చూపించాడు. కృపావరం పుస్తకం ముందు నిలబడి ఉన్నాడు. వెనక గోడ గడియారంలో పదకొండు దాటి రెండు నిమిషాలు.

కాంట్రాక్టరు బల్ల మీద చెయ్యి కొట్టాడు. "చూసినారా సార్? వాని నోటితో వాడే చెప్తాండాడు. ఇంటి దొంగ. వీణ్ణి ఇప్పుడే తీసేస్తాండా."

"తీసెయ్," అన్నాడు కృపావరం. లేచి నిలబడ్డాడు. "ఈ నిమిషమే తీసెయ్. ఆ తెర చూడు. రెండోది ఐదు దినాల్నుంచి ఎర్రగుండాది. ఈ పొద్దు మూడోది. రేపు ఎవర్ని నడిపిస్తావు? నీ కొడుకునా? బస్టాండులో కాగితం అతికించినావు గదా, ఎవురొచ్చినారు?"

"మాటలు జాగ్రత్త."

"తిమ్మయ్యన్న జాగ్రత్తగానే ఉండె. ఏమాయె?"

అధికారి చెయ్యెత్తాడు. కాంట్రాక్టరు వైపు తిరిగాడు. "రిలీవర్లు ఏమయ్యారు?"

"మనుషులు దొరకడం లేదు సార్. ఈ కాలం పిల్లోళ్లు ఎండలో నడుస్తారా? అన్ని కంపెనీల్లోనూ ఇదే కత."

"మీరు నెలనెలా పంపే హాజరులో పది మంది ఉన్నారు." అధికారి ఫైలు తిప్పాడు. "ఏప్రిల్ నెలలో ప్రతి ఆదివారం ప్రవీణ్ అనే రిలీవరు డ్యూటీలో ఉన్నాడు."

"ప్రవీణ్ కువైట్ పోయి రెండేండ్లాయె సార్," అన్నాడు కృపావరం. "ఆడినుంచి వచ్చి నడిచి పోతాండాడేమో అడగండి."

కాంట్రాక్టరు రాకేశ్‌ను చూశాడు. రాకేశ్ బల్లను చూశాడు.

"ఈ బదులు నడకల సంగతి మీకు తెలుసా?" అని అధికారి రాకేశ్‌ను అడిగాడు.

"తెల్దు సార్. వాళ్లలో వాళ్లు చేసుకున్నారు. మొన్ననే తెలిసింది."

భార్గవి సంచిలో నుంచి ఫోన్ తీసి అధికారి ముందు పెట్టింది. "ఇది మా నాయన ఫోన్ సార్. ఆదివారం పదకొండూ నలభై నుంచి రాకేశ్ సారు ఎవరికి చేసినాడో, ఆయన ఫోన్ కూడా తెరిచి చూడండి. ఆగింది కృపావరం చిన్నాయన చుక్క. ఆయనకు ఒక్క కాల్ లేదు. మా నాయనకు నాలుగు."

అధికారి రాకేశ్ ముందు చెయ్యి చాచాడు. రాకేశ్ ఫోన్ ఇచ్చాడు. అధికారి రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి నాలుగు సమయాలూ రాసుకున్నాడు. 

"పండుకున్నాడేమో అనుకుంటి సార్," అన్నాడు రాకేశ్.

"దున్నిన చేలోనా?" అంది భార్గవి. "నలభై నాలుగు డిగ్రీల్లోనా?"

"నాకు బండి లేదు. రిపేరులో ఉండె. జీపు కోసరం ఫోన్ చేస్తే, కాంట్రాక్టరు సారింట్లోవాళ్లు పెండ్లికి తీసుకుపోయినారన్నారు." అతను కాంట్రాక్టరు వైపు చూడకుండా చెప్పాడు. "నేనేం చేయాల? నాకూ ఆదివారం లేదు సార్. అరవై నాలుగు కిలోమీటర్లకు నేనొక్కణ్ణే."

"అజయ్‌కు ఫోన్ చేయాల," అన్నాడు కృపావరం. "అంతే. ఒక్క ఫోన్ రాకేశప్పా. నువ్వు నాలుగు చేసినావు. నాలుగూ చచ్చేటోనికే చేసినావు."

రాకేశ్ ముఖం రుద్దుకున్నాడు. 

అధికారి రాయడం మొదలుపెట్టాడు. ఒంటి గంట దాకా రాశాడు. మధ్యలో ఇద్దరినీ ప్రశ్నలు అడిగాడు. కాంట్రాక్టరును బయటికి పంపి ఒకసారి, రాకేశ్‌ను పంపి ఒకసారి అడిగాడు. చివరికి రెండు పేజీలు కృపావరం ముందు పెట్టాడు.

"చదువుకుని సంతకం పెట్టండి. మీరు నిబంధన ఉల్లంఘించారని కూడా రాశాను. అది రాయక తప్పదు."

"రాయండి సార్. నేను ఉల్లంఘించినా."

కృపావరం చదివాడు. తిమ్మయ్య మరణించిన సమయానికి మూడో భాగంలో గస్తీ పనిలో ఉన్నాడని రాసి ఉంది. ఆ వాక్యాన్ని వేలు పెట్టి మళ్లీ చదివాడు. దాని తర్వాతి వాక్యం దగ్గర ఆగాడు. సహోద్యోగి పట్ల స్నేహంతో, తన ఇష్టపూర్వకంగా ఆయన ఈ పని ఒప్పుకున్నాడని ఉంది.

"ఇది కొట్టేయండి సార్."

"ఎందుకు? బలవంతం చేశారా?"

"సెలవు ఉండింటే ఇద్దరం ఇంట్లో ఉంటాంటిమి. లేదు గాబట్టి ఒకరిది ఒకరు నడిచినాం. దాంట్లో ఇష్టం యాడుండాది? ఇష్టమని రాస్తే రేపు వక్కీలు దాన్నే పట్టుకుంటాడు. ఇష్టమై చచ్చినాడంటాడు."

"ఇది నా నివేదిక, కృపావరం గారూ."

"సంతకం నాది సార్."

అధికారి తెర వైపు చూశాడు. రెండు ముక్కలూ ఎర్రగానే ఉన్నాయి. "రేపు మీరు నడకకు వెళ్తారా?" అన్నాడు. "ఇరవై నాలుగు గంటలకు మించి లైను చూడకుండా ఉండకూడదు. ఇప్పటికే నేను సమాధానం చెప్పుకోవాలి."

"ముందు అది కొట్టేయండి."

అధికారి ఆ వాక్యం మీద గీత గీశాడు. పైన రాశాడు: వారపు సెలవు, రిలీవరు ఏర్పాటు లేనందున, సూపర్వైజరుకు తెలిసి. పక్కన పొడి సంతకం చేశాడు. కృపావరం కింద తన సంతకం పెట్టాడు. నకలు తీసి భార్గవికి ఇచ్చారు.

"నా నంబరు రేపు నడుస్తా," అన్నాడు కృపావరం. "రెండోది నడవను. ఎల్లుండి ఏదీ నడవను."

ఆళ్లగడ్డలో బస్సు దిగేసరికి మూడున్నర. కమలమ్మ వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కృపావరం గడప బయట నిలబడ్డాడు. భార్గవి లోపలికి పోయి తల్లి పక్కన కూర్చుని రెండు పేజీలూ చదివింది. కమలమ్మ అంతా విని, "గస్తీ పనిలో అన్నది మళ్లా చదువు," అంది. భార్గవి చదివింది.

"అయితే డ్యూటీలోనే పోయినాడని రాసినారు."

"రాసినారు వదినా," అన్నాడు కృపావరం.

"వాడు నాలుగుసార్లు ఫోన్ చేసినాడని?"

"టైములతో సహా రాసినారు."

"చేసి, తెలిసి, ఎవుర్నీ పంపలేదని? అజయ్ ఇల్లు మూడు కిలోమీటర్లని?"

భార్గవి రెండో పేజీ తిప్పింది. వెనక్కి తిప్పింది. కృపావరం గడప దాటి వచ్చి, వంగి, ఆమె భుజం మీది నుంచి చూశాడు. నాలుగు సమయాలూ ఉన్నాయి. వాటి కింద మరో విషయం మొదలైంది.

"లేదు," అన్నాడు.

"ఎండకు పోయినాడని వాళ్లు రాసుకుంటారు. ఎండ ఒక్కటే చంపిందా ఆయప్పను?"

"లేదు వదినా."

"ఆ ఆఫీసరు పోయినాడా?"

"సాయంత్రం దాకా ఉంటానన్నాడు."

కమలమ్మ కూతురి చేతిలో నుంచి కాగితాలు తీసుకుని కృపావరానికి ఇచ్చింది.

"మళ్లా పో," అంది.

కృపావరం కాగితాలు చొక్కా లోపల పెట్టుకుని బస్టాండుకు నడిచాడు. నంద్యాల బస్సు కదులుతోంది. పరిగెత్తి ఎక్కాడు.